రోమన్ కవులు మా లంబన్నను ఎత్తుకుపోయిన ఎండాకాలం

‘ఆ రోజుల్లో’ అని మొదలుపెట్టే వయసు నాకింకా రాలేదని మా ఆవిడ అంటుంది. నిజమే, తలలో నాలుగు తెల్ల వెంట్రుకలైనా లేకుండా ఆ మాట వాడితే వినేవాళ్లు నవ్వుతారు. కానీ నేను చెప్పబోయేది మూతికి గుడ్డ లేకుండా గడప దాటకూడని కాలం. మనిషి తుమ్మితే పక్కనున్నవాడు దుప్పటి చంకన పెట్టుకుని వేరే గదికి వెళ్లిపోయిన కాలం. నాలుగైదేళ్లే గడిచినా ఏదో తాతల నాటి సంగతిలాగే అనిపిస్తుంది. అప్పటికి నాకు ఇరవైమూడేళ్లు. అసూయ అనేది ప్రేమ వ్యవహారాల్లో పుడుతుందని సినిమాల్లో చూశాను. పొలం గట్ల దగ్గర పుడుతుందని మా చిన్నాన్నలను చూసి తెలుసుకున్నాను. కానీ రెండువేల ఏళ్ల కిందట పోయిన రోమన్ కవుల మీద అసూయపడి అన్నం మానేసినవాణ్ణి మాత్రం, నన్ను తప్ప, ఇంతవరకు ఇంకొకణ్ణి చూడలేదు.

ఫుజైరాలో మాది ఓడలకు సరుకులు పంపే గోదాము. రేవు బయట సముద్రంలో నూనె నింపుకోవడానికి వరసలో నిలబడే ఓడలకు గుడ్ల దగ్గర్నుంచి గొలుసుల దాకా ఏది కావాలన్నా మేమే పంపేవాళ్లం. దుబాయ్ అంటే అద్దాల మేడలనుకుని వచ్చిన నాకు (మా రాయచోటిలో ఈ దేశం మొత్తాన్నీ దుబాయ్ అనే అంటారు) దొరికింది ఉల్లిగడ్డల వాసనా, ఒక పక్క నల్లటి కొండలూ, ఇంకో పక్క నీళ్లూ. మొదటి నెల రోజూ ఏడ్చాను. ఆ ఏడుపు మాన్పించినవాడు లంబన్న. అసలు పేరు వేరే ఉంది గానీ, తలుపులన్నీ వంగి దాటే మనిషి కాబట్టి క్యాంపులో అందరూ లంబూ అనేవారు. జగిత్యాల దగ్గరి పల్లె. నాకంటే నాలుగేళ్లు పెద్ద. నా రాయలసీమ తెలుగు ఆయనకు నవ్వొచ్చేది, ఆయన తెలంగాణ తెలుగు నాకు నవ్వొచ్చేది, ఆ నవ్వుల్లోనే స్నేహం కుదిరిపోయింది. రెండేళ్లపాటు ఒకే గదిలో పైమంచం కిందమంచం, బస్సులో ఒకే సీటు. ముఖ్యంగా ఒకే పళ్లెం. అంచు మీద నీలం గీత ఉన్న పెద్ద స్టీలు పళ్లెంలో ఇద్దరికీ ఒకేసారి వడ్డించుకుని చెరో వైపు నుంచి తినేవాళ్లం. చూసినవాళ్లు ఎగతాళి చేస్తే నాకు ఇంకా గర్వంగా ఉండేది.

మా గోదాముకు స్టోర్‌కీపర్ ఒక మలయాళీ పెద్దాయన. అరవై దగ్గర పడుతున్నా పెళ్లి చేసుకోలేదు. చిన్నప్పుడు చర్చి ఫాదర్ అయ్యే చదువుకు వెళ్లి, ఏడేళ్లు చదివి, చివర్లో వదిలేసి వచ్చేశాడట. అందుకని క్యాంపులో ఆయన పేరు సగం ఫాదర్. ఎదురుగా మాత్రం ఫాదర్ అనే పిలిచేవాళ్లం. ఎందుకు వదిలేశాడన్న దానికి క్యాంపులో నాలుగైదు కథలుండేవి, అన్నింట్లోనూ ఒక అమ్మాయి ఉండేది. (ఆ అమ్మాయికి పొడవాటి జడ పెట్టింది నేనే.) ఆ చదువులో ఆయనకు లాటిన్ అనే భాష నేర్పారు. ప్రార్థనల కోసం నేర్పితే ఆయన దాంతో దేవుణ్ణి వదిలేసి రోమన్ కవులను పట్టుకున్నాడు. అట్ట ఊడిపోయిన లావుపాటి పుస్తకం ఒకటి ఎప్పుడూ ఆయన బల్ల మీద, సరుకుల జాబితాల కింద ఉండేది.

ఎండాకాలం మూడు నెలలు మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు దాకా బయట పని చేయించకూడదని ఇక్కడి నియమం. ఆ రెండున్నర గంటలూ నేనూ లంబన్నా బంగాళాదుంపల గదిలో పడుకునేవాళ్లం. అంతకంటే చల్లటి చోటు ఫుజైరాలో లేదు. ఒకరోజు కళ్లు తెరిచి చూస్తే పక్కన లంబన్న లేడు. లేచి వెళ్లి చూస్తే స్టోర్ గదిలో సగం ఫాదర్ ఎదురుగా నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, నోరు తెరుచుకుని వింటున్నాడు. ఆ నోరు అలా తెరుచుకోవడం అంతకుముందు ఒక్కసారే చూశాను, నేను మా ఊరి జాతర గొడవ చెప్పినప్పుడు.

ఆ సాయంత్రం అన్నం తింటూ లంబన్న మొదలుపెట్టాడు. రోమ్ అనే ఊళ్లో పాతకాలంలో కవులుండేవాళ్లట. వాళ్లకు అన్నిటికంటే స్నేహితుడే ఎక్కువట. స్నేహితుడు దూరప్రయాణం పోతే ఓడకు కూడా దండం పెట్టి, మావాణ్ణి జాగ్రత్తగా దింపమని బతిమాలేవాళ్లట. “దోస్తు అంటే గట్ల ఉండాలె తమ్మీ” అన్నాడు. అంటూ అంటూ నా వైపున్న చేపముక్క కూడా తినేశాడు.  నా లోపల ఏదో చిన్నగా అంటుకుంది. స్నేహం అంటే ఏమిటో నాకు చెప్పడానికి, ఉన్న స్నేహితుణ్ణి దుంపల మధ్య వదిలేసి వెళ్లి నేర్చుకొచ్చాడన్నమాట.

మర్నాడూ వెళ్లాడు, ఆ మర్నాడూ వెళ్లాడు. వారం తిరిగేసరికి పాఠం మారి స్వేచ్ఛ దగ్గరికి వచ్చింది. ఆ ఊళ్లో బానిసలుండేవాళ్లనీ, బానిసగా పుట్టి విడుదలైనవాళ్లూ, వాళ్ల పిల్లలూ కూడా కవిత్వం రాశారనీ, కొద్దిపాటి దానితో సరిపెట్టుకోగలిగినవాడి మీద ఎవడి పెత్తనమూ సాగదని వాళ్లు చెప్పారనీ సగం ఫాదర్ చెప్పాడట. లంబన్న అంతటితో ఆగలేదు, ఆచరణలో పెట్టాడు. ఒక మధ్యాహ్నం ఒంటిగంటకు మా ముదీర్ వచ్చి, ఓడ తొందరపడుతోంది, యల్లా యల్లా, పెట్టెలు ఎక్కించమన్నాడు. ముదీర్ అంటే మా మేనేజరు, మంచివాడే గానీ గొంతు పెద్దది. మేమందరం లేవబోతుంటే లంబన్న మాత్రం కదల్లేదు. మూడు కొట్టాక వస్తామని, కోపం లేకుండా, భయమూ లేకుండా, రేపు వాన పడొచ్చు అన్నంత మామూలుగా చెప్పాడు. ముదీర్ కాసేపు ఆ పొడుగు మనిషి వైపు తలెత్తి చూసి, గడియారం చూసి, సరేనని వెళ్లిపోయాడు. ఆ రోజు క్యాంపంతా లంబన్న గురించే చెప్పుకున్నారు. పెషావర్ డ్రైవరు వచ్చి చేయి కలిపి వెళ్లాడు. నేనూ భుజం తట్టాను గానీ, తట్టిన చేతిలో కొంచెం బరువు ఎక్కువే ఉండి ఉంటుంది.

అసలు మంట మాత్రం తర్వాతి శుక్రవారం పుట్టింది. బట్టలు ఉతుకుతూ లంబన్న చల్లగా చెప్పాడు, ఈ కాంట్రాక్టు అయిపోగానే ఖలాస్, ఊరికి వెళ్లి పసుపు చేను చేసుకుంటానని. ఇది నీ ఆలోచనా, ఆ పెద్దాయన ఆలోచనా అని అడిగాను. తనదేనన్నాడు. కానీ ఆయన దగ్గర కూర్చున్నాకే అది నోటిదాకా వచ్చిందన్నాడు. నాకు ఆ మాటలో రెండో సగం మాత్రమే వినిపించింది. ఒక పాత పుస్తకం, దాన్ని పట్టుకున్న ఒక పాత మనిషి కలిసి నా స్నేహితుణ్ణి నా పళ్లెం ముందు నుంచి లేపుకుపోతున్నారని తేల్చుకున్నాను.

లంబన్నను మళ్లీ గెలుచుకోవాలంటే నేనూ రోమన్ కవులనే నేర్చుకోవాలి అనుకున్నాను. ఒకరోజు పొద్దున్నే, ఎవరూ రాకముందు, సగం ఫాదర్ దగ్గరికి వెళ్లి నాకూ పాఠం కావాలన్నాను. ఆయన కళ్లద్దాల మీదుగా నన్ను చూసి, సంతోషించి, నాకు స్నేహం, స్వేచ్ఛ అక్కర్లేదనుకున్నాడో ఏమో, నేరుగా చావు దగ్గర మొదలుపెట్టాడు. ఉన్నవాడు లేనివాడు అని చూడకుండా అందరూ పోతారు, కాబట్టి ఈ రోజును ఈ రోజే బతకాలి, చిన్న చిన్న నష్టాలకు గుండెలు బాదుకోకూడదు అని ఆయన హిందీలో, మధ్య మధ్య మలయాళంలో, అక్కడక్కడ లాటిన్‌లో చెప్పాడు. వారం రోజులు విన్నాను. అందులో సంతోషంగా ఉండాలన్న భాగం నాకు ఎక్కలేదు. చచ్చిపోతామన్న భాగం మాత్రం బాగా ఎక్కింది. (వయసు అలాంటిది. మనసు బాగోలేని కుర్రవాడికి చావు కవిత్వం ఇస్తే దాన్ని కొత్త చొక్కాలా తొడుక్కుని తిరుగుతాడు.) టీ చల్లారిందని వంటమనిషి విసుక్కుంటే మనమూ చల్లారేవాళ్లమే కదా అనేవాణ్ణి. క్షవరం చేసే భాయీకి కూడా అదే చెప్పాను. ఆయన సగం గడ్డం గీసి కాసేపు బయటికి వెళ్లి నిలబడ్డాడు.

అలాంటి రోజుల్లోనే గుడ్ల ట్రాలీ తోస్తూ గుమ్మం దగ్గర బోల్తా కొట్టించాను. పన్నెండు అట్టల గుడ్లు. ముదీర్ పరిగెత్తుకొచ్చాడు. లంబన్న పక్కనే ఉన్నాడు, కాబట్టి నేను కూడా భయం లేని మనిషినని చూపించుకోవలసిన సమయం ఇదేననుకుని, చేతులు వెనక్కి కట్టుకుని, నాకొచ్చిన అరబ్బీ హిందీ కలిపి, ముదీర్, గుడ్డు ఈ రోజు పగిలింది, మనం ఎప్పుడో ఒకరోజు, అని నిదానంగా చెప్పాను. ఆయన అరుపు ఆపేశాడు. రెండు అడుగులు వెనక్కి వేశాడు. జారిన మాస్కును కళ్లదాకా లాక్కుని, జ్వరం ఉందా అని అడిగాడు. గంటలో నన్ను బండెక్కించి పరీక్షకు పంపారు. దగ్గు లేదు, జ్వరం లేదు, మర్నాడు మాత్రం కరోనా ఉందని కాగితం వచ్చింది. నాది కవిత్వం వల్ల వచ్చిన జబ్బని ఎంత చెప్పినా ఎవరూ వినలేదు.

గోదాము వెనక రేకుల గదిలో నన్ను పది రోజులు విడిగా పెట్టారు. ఒక మంచం, ఒక కిటికీ, లారీలా మోత మోగే ఏసీ. లంబన్న మూడు పూటలా తలుపు బయట అన్నం పెట్టి, తలుపు తట్టి, దూరంగా జరిగి చెయ్యి ఊపేవాడు. అది బాగానే ఉంది. కానీ రెండో రోజు మధ్యాహ్నం కిటికీలోంచి చూస్తే ఏముంది, సరిగ్గా నా కిటికీకి ఎదురుగా, నిట్టనిలువు ఎండలో, చెక్క పలకల మీద అట్టపెట్టె విప్పి గొడుగులా పట్టుకుని లంబన్నా సగం ఫాదరూ కూర్చుని ఉన్నారు. ఫాదర్ పుస్తకం పట్టుకుని నోరు పెద్దగా తెరిచి చదువుతున్నాడు. ఏసీ మోతలో ఒక్క ముక్క నాకు వినిపించలేదు. లంబన్న చెమటలు తుడుచుకుంటూ నా వైపు చూసి నవ్వాడు. దుంపల గది అంత చల్లగా ఉండగా వీళ్లు ఇక్కడికి ఎందుకు వచ్చారు? నా కళ్లముందు కూర్చుని నన్ను ఉడికించడానికే అనుకున్నాను. కర్టెన్ వేసేశాను. తర్వాత కర్టెన్ సందులోంచి చూశాను. మర్నాడూ వచ్చారు. తొమ్మిది రోజులు రోజూ వచ్చారు. ఆ తొమ్మిది రోజుల్లో నాలో వైరస్ ఎంత పెరిగిందో తెలియదు గానీ, అసూయ మాత్రం గదికి పట్టనంత పెరిగింది. అన్నం సగం వెనక్కి పంపేవాణ్ణి. జబ్బు ముదిరిందని లంబన్న కంగారుపడి ఇంకా ఎక్కువ అన్నం పెట్టేవాడు.

పదకొండో రోజు పొద్దున బయటికొచ్చి స్నానం కూడా చేయకుండా నేరుగా ముదీర్ గదికి వెళ్లాను. స్టోర్‌కీపర్ పని వేళలో పనివాళ్లను కూర్చోబెట్టుకుని పుస్తకాలు చదువుతున్నాడనీ, వాళ్ల బుర్రలు పాడుచేస్తున్నాడనీ చెప్పాను. పని వేళ అన్నది అబద్ధం. వాళ్లు కూర్చున్నది విశ్రాంతి సమయంలో. ఆ ముక్క నేను మింగేశాను. ఏం పుస్తకాలని ముదీర్ అడిగాడు. ఇంట్లో మేం మాట్లాడేది ఉర్దూ కాబట్టి నా నోటికి షాయరీ అన్న మాటే వచ్చింది. అది అరబ్బీ నుంచే వచ్చిన మాటని నాకేం తెలుసు? ఆయన కుర్చీలో ముందుకు జరిగి, కవిత్వమా, నా గోదాములోనా అన్నాడు. ఫాదర్‌ను పిలిపించాడు. నేను తలుపు పక్కన నిలబడి తిట్ల కోసం ఎదురుచూశాను. తిట్లు రాలేదు. ముదీర్ ఏదో అడిగాడు, ఫాదర్ ఏదో చదివాడు, ముదీర్ కళ్లు మూసుకుని తనకు కంఠతా వచ్చిన అరబ్బీ పద్యం ఒకటి పాడినట్టు చెప్పాడు, ఫాదర్ తల ఊపాడు. అలా గంట గడిచింది. మధ్యలో ముదీర్ నన్ను చూసి, నిలబడ్డావెందుకు, మాకు రెండు సులేమానీ టీలు పట్టుకురా అన్నాడు. నేను ఫిర్యాదు చేసిన మనిషికి నా చేతులతోనే టీ అందించాను. చక్కెర ఎంత అని కూడా అడిగాను.

ఇది ఇక్కడితో ఆగి ఉంటే నవ్వుకుని మరిచిపోయేవాణ్ణి. కానీ ఇంత చదువుకున్న మనిషిని ఉల్లిగడ్డలు లెక్కపెట్టడానికి ఉంచడం పాపమని ముదీర్‌కు తోచింది. వారం తిరక్కముందే ఫాదర్‌ను దుబాయ్‌లోని అల్ ఖూజ్ పెద్ద గోదాముకు బదిలీ చేయించాడు. హోదా పెంచి మరీ. అందరూ అభినందించారు. పెద్దాయన మాత్రం ఆ వారంలో వంగిపోయాడు. ఆయనకు ఇక్కడ సొంతంగా ఒక చిన్న గది ఉండేది, పొద్దున్నే వెళ్లి కూర్చునే సముద్రపు ఒడ్డు ఉండేది. అక్కడ గదికి ఆరుగురు, చుట్టూ వర్క్‌షాపులు. వెళ్లే రోజు పెట్టె సర్దుకుని, పుస్తకాన్ని లుంగీలో చుట్టుకుని కంపెనీ బస్సెక్కాడు. లంబన్న బస్సు మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. నేను పక్కనే నిలబడి, పోనీలే, ఇక మా ఇద్దరమే అనుకున్నాను.

ఇద్దరమే మిగిలాం. మధ్యాహ్నం దుంపల గదిలో పక్కపక్కన పడుకున్నాం. మాట్లాడుకోవడానికి ఏమీ లేదు. నేను జాతర గొడవ మళ్లీ చెప్పాను, లంబన్న మర్యాదకు నవ్వాడు. మర్యాదకు నవ్వడం అన్నది మా మధ్య అదే మొదటిసారి. మూడో రోజు ఆయనే పైకప్పు చూస్తూ చెప్పాడు.

“ముసలాయన నీ గురించి శాన పరేషాన్ అయిండు తమ్మీ. లోపల పోరడు ఒక్కడే ఉండె, చావు పాఠం చెప్పి తప్పు చేసిన, గిప్పుడు మంచి పాఠం ఇనవడాలె అని, నీ కిటికీ ముంగట కూసుందాం పా అన్నడు. ఎండల నాకైతే కండ్లు తిరిగినయ్. ఆయన గొంతు పోయేదాక సదివిండు. నీకు ఇనవడ్డదా లేదా?”

వినపడలేదన్నాను.  తొమ్మిది రోజులు నేను కర్టెన్ సందులోంచి తిట్టుకున్నది నన్ను ఒంటరిగా ఉంచకూడదని ఎండలో మాడిన ఇద్దరు మనుషులను. అప్పుడైనా నోరు మూసుకుని ఉండొచ్చు, ఎవరికీ తెలిసేది కాదు. కానీ ఆ రోజు నా వల్ల కాలేదు.

“ముదీర్ కాడికి పోయి చెప్పింది నేనే న్నా” అన్నాను. “నువ్వు ఆయన్తోనే ఉంటాండావని ఓర్చుకోలేకపోయినా.”

లంబన్న లేచి కూర్చున్నాడు. తిడతాడనుకున్నాను, కొడతాడనుకున్నాను. (కొట్టి ఉంటే ఎంత బాగుండేదో.) దుంపలను పక్కకు నెట్టి, లేచి, తలుపు దగ్గర వంగి బయటికి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం ఆయన బజారు నుంచి కొత్త పళ్లెం ఒకటి తెచ్చుకున్నాడు. చిన్నది, ఒక్క మనిషికి సరిపోయేది. గది మూలన గోడవైపు తిరిగి కూర్చుని తిన్నాడు. నీలం గీత పళ్లెం ముందు నేనొక్కణ్ణే కూర్చుంటే అన్నం ఒక పక్కకు ఉండి, మిగతా పళ్లెమంతా నా ముఖం కనిపించేది. అలా పద్దెనిమిది రోజులు. రెండేళ్లలో ఆయన నన్ను తమ్మీ అనకుండా గడిచిన పద్దెనిమిది రోజులు అవే. ఏదైనా అవసరమైతే, వినిపిస్తోందా, అన్నట్టు గాల్లోకి మాట్లాడేవాడు.

పంతొమ్మిదో రోజు శుక్రవారం. జుమా నమాజు కూడా దారిలోనే చేసుకుని, దుబాయ్ బస్సెక్కి, మెట్రో ఎక్కి, ఇంకో బస్సెక్కి, ఎండలో అల్ ఖూజ్ గోదాముల మధ్య గంటసేపు తిరిగి, చివరికి పైపుల గుట్టల వెనక ఫాదర్‌ను పట్టుకున్నాను. సెలవు రోజైనా లోపలే కూర్చుని ఉన్నాడు. ఇంకెక్కడికి వెళ్తాడు? నన్ను చూసి ఎంత సంతోషించాడంటే, చెప్పాలనుకున్నది చెప్పడం ఇంకా కష్టమైపోయింది. తల దించుకుని, నా చెప్పుల వంక చూస్తూ, మొత్తం చెప్పేశాను. పని వేళ అన్న అబద్ధంతో సహా.

ఆయనకు ముందే తెలుసట. ముదీర్ ఆ రోజే చెప్పేశాడట, ఆ కుర్రవాడు చెప్పకపోతే నీలాంటి మనిషి నా దగ్గర ఉన్నాడని నాకు తెలిసేదే కాదని. తెలిసి కూడా నా చేతి టీ తాగారా అని అడిగాను. టీ బాగుంది కదా అన్నాడు. తర్వాత తను చదువు ఎందుకు మానేశాడో చెప్పాడు. ఆయన పక్క బెంచీలో ఒక స్నేహితుడు ఉండేవాడట. పాటకు మొత్తం చర్చి నిశ్శబ్దమైపోయే గొంతు. ఇద్దరూ ఒకే ఊరివాళ్లు. ఆ గొంతును అందరూ మెచ్చుకోవడం ఈయన ఓర్వలేక, వాడి దగ్గర సినిమా పాటల పుస్తకం ఉందని పెద్ద ఫాదర్‌కు వెళ్లి చెప్పాడట. వాణ్ణి ఇంటికి పంపేశారు. ఈయన ఇంకో ఏడాది ఉన్నాడు గానీ, ప్రార్థనలో నిలబడితే గొంతు పెగిలేది కాదట. వచ్చేశాడు. (మా కథల్లోని అమ్మాయి, ఆమె పొడవాటి జడ, ఆ క్షణంలోనే మాయమైపోయాయి.)

ఆ స్నేహితుడికి ఎప్పుడైనా చెప్పారా అని అడిగాను.

“చెబుదాం, చెబుదాం అనుకుంటూ ముప్పయి ఏళ్లు గడిపాను” అన్నాడు. “తర్వాత చెప్పడానికి మనిషి లేడు. ఆ కవులు చావు గురించి ఎందుకంత రాశారో అప్పుడు అర్థమైంది. నువ్వు నెల తిరగకముందే మూడు బండ్లు మారి వచ్చావు. నాకంటే నువ్వే నయం.”

నాకు ఏడుపు వచ్చింది. అది పూర్తి కాకముందే ఫోర్క్‌లిఫ్టు నడిపే పఠాను ఒకడు రేకు మగ్గులో టీ పట్టుకుని వచ్చి, కొంచెం జరుగు భాయ్ అని నన్ను పక్కకు నెట్టి, ఫాదర్ పక్కన తీరిగ్గా కూర్చుని, నిన్న ఎక్కడ ఆపారు అని అడిగాడు. వెనకాలే ఒక నేపాలీ వాచ్‌మన్ వచ్చి ఇంకో పక్కన కూర్చున్నాడు. అంటే ఇక్కడ కూడా బడి మొదలైపోయింది. క్షమించమని అడగడానికి వచ్చిన మనిషిని, ఇంకా కన్నీళ్లు ఆరలేదు, ఆ పఠానును చూడగానే నా కడుపు మళ్లీ భగ్గుమంది. మా ఫాదర్ పక్కన నువ్వెవడివిరా కూర్చోవడానికి అనిపించింది. మా ఫాదర్ అని ఎప్పటి నుంచి అనుకుంటున్నానో నాకే తెలియదు. పెద్దాయన నా ముఖం చూసి, సంగతి కనిపెట్టి, దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

తర్వాత నా ఫోన్ తీసుకుని లంబన్నకు చేశాడు. ఏం మాట్లాడాడో నాకు వినిపించకుండా పైపుల అవతలికి వెళ్లాడు. నేను ఫుజైరా చేరేసరికి సాయంత్రం అన్నాల వేళ. లంబన్న మూలన కూర్చుని లేడు. గది మధ్యలో నీలం గీత పళ్లెం పెట్టి ఉంది, దాన్నిండా అన్నం, పప్పు.

“చెయ్యి కడుక్కో” అన్నాడు. నేను ముద్ద కలుపుతుంటే, తల ఎత్తకుండానే, “ఫాదర్ మంచిగున్నడా తమ్మీ” అన్నాడు. ఎవరెవరు పక్కన కూర్చుంటున్నారో కూడా చెప్పాను. పఠాను సంగతి వినగానే ఆయన నమలడం ఆగింది. ఆ ముఖం చూసి, మనిద్దరిదీ ఒకటే జబ్బని తెలిసి నాకు ఎంత నెమ్మది కలిగిందో చెప్పలేను.

అన్నట్టుగానే మరుసటి ఏడాది లంబన్న ఊరికి వెళ్లిపోయాడు. ఫాదర్ ఇంకో ఏడాది అల్ ఖూజ్‌లో ఉండి, ఊపిరితిత్తులు మొరాయిస్తే కేరళలోని చెల్లెలింటికి చేరాడు. నేను ఫుజైరాలోనే ఉన్నాను. నెలకోసారి ముగ్గురం ఫోన్లో కలిసేవాళ్లం. పోయిన వర్షాకాలంలో ఒకరోజు లంబన్న ఒక్కడే ఫోన్ చేశాడు. ఫాదర్ పోయాడని, కబురు తెలియగానే తను రైలెక్కి వెళ్లాడని, అంతా అయిపోయి ఇప్పుడే స్టేషనుకు వచ్చానని చెప్పాడు. నాకు చెబితే వెంటనే రాలేను కదా, ఊరికే అల్లాడిపోతానని ముందు చెప్పలేదట. ఇన్నా లిల్లాహి అని ప్రార్థన చెప్పుకుని గోదాము మెట్ల మీద కూర్చుండిపోయాను. వానలో శవపెట్టెను ఇంటి నుంచి చర్చిదాకా మోశారట. తనూ భుజం పట్టాడట. మా వైపు జనాజాకు భుజం ఇవ్వాలని జనం ఒకరినొకరు తోసుకుంటారు. నాలుగు అడుగులు మోసినా చాలనుకుంటారు. అందుకని ఆ మాట వినగానే నాకు కలిగింది దుఃఖం ఒక్కటేనని చెబితే అబద్ధమవుతుంది.

“నువ్వొక్కడివే పట్టుకున్యావా న్నా” అన్నాను.

“రెండు సార్లు వట్టిన తమ్మీ. ఒకపారి నాది, ఇంకోపారి నీది” అన్నాడు.

నా వంతు ఎంత దూరం మోశావని అడిగాను. ఎక్కడ నుంచి ఎక్కడిదాకా అని అడిగాను. వానలో ఎవడు చూశాడు తమ్మీ అన్నాడు. నీ వంతు కంటే తక్కువ కాదు కదా అని మళ్లీ అడిగాను. ఆ చివర రైలు ప్రకటనలు, ఈ చివర ఫోర్క్‌లిఫ్టు చప్పుడు, మధ్యలో ఇద్దరం ఏడుస్తూ దాని గురించే కాసేపు పోట్లాడుకున్నాం. రైలు కదిలిపోతోందని ఫోన్ పెట్టేశాడు. ఆ రేకుల గదిలో కర్టెన్ సందులోంచి చూస్తూ కూర్చున్న కుర్రవాడు ఎక్కడైనా ఎదురుపడితే దగ్గర కూర్చోబెట్టుకుని నాలుగు మంచి మాటలు చెప్పాలని ఒక్కోసారి అనిపిస్తుంది. కానీ నా వంతు ఎంత దూరమో ఆ లంబన్న ఇంతవరకు సరిగ్గా చెప్పలేదు, నేను ఫోన్ చేసినప్పుడల్లా అడగడం మానలేదు. ఇంక ఆ కుర్రవాడికి నేనేం చెప్పగలను?